మిర్చి ఇప్పుడే అమ్మాలా, దాచాలా: మూడు లెక్కల మోడళ్ళని ఆటోమేటెడ్ రీజనింగ్‌తో కట్టి కలిపే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మా బాబాయికి సత్తెనపల్లి దగ్గర నాలుగు ఎకరాల మిర్చి ఉంది. కోతలు అయిపోయి కాయలు కళ్ళంలో ఎండుతున్నప్పుడు ఫోన్ చేసి, ఇప్పుడే గుంటూరు యార్డుకి తోలేయమంటావా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి దసరా ముందు అమ్మమంటావా, నువ్వు కంప్యూటర్లో చేసేది ఇలాంటి పనే కదరా, కాస్త చూసి చెప్పు అన్నాడు. అప్పటికే మూడు లెక్కలు ఉన్నాయి. దాచితే ఎంత మిగులుతుందో చూపించే ఎక్సెల్ షీట్ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది, వచ్చే ఏడాది పెట్టుబడి లెక్క ఊళ్ళో ఒక కుర్రాడు రాసిచ్చాడు, బాబాయి అప్పుల లెక్క నోటు పుస్తకంలో ఉంది. మూడూ తెచ్చి ఒకే షీట్‌లో కలిపితే 60 క్వింటాళ్ళూ దాచుకోండి, 40,500 ఎక్కువ వస్తుంది అని తేలింది. ఆ జవాబు తప్పు, ఎందుకు తప్పో చెప్తాను, ఎందుకంటే ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క తప్పు చుట్టూనే తిరుగుతుంది.

బాబాయి అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీ. మన ఊళ్ళలో ఆ మాటకి నెలకి అనే అర్థం, ఎవరూ విడిగా చెప్పరు కూడా. వాట్సాప్ షీట్‌లో వడ్డీ గడి పక్కన ఏమీ రాసి లేదు, లోపల ఫార్ములా మాత్రం ఏడాదికి అనుకుని కట్టారు. నేను అందులో 2 అని కొట్టాను. 24 శాతం కాస్తా 2 శాతం అయిపోయింది. షీట్ ఎర్రర్ ఇవ్వలేదు, ఇవ్వదు కూడా, దానికి 2 అంటే 2, అంతే.

రెండు మోడళ్ళు కలపడంలో అంకెలు అతకడం సులువే. వాటి వెనక ఉన్న ఊహలు అతుకుతాయా లేదా అనేదే అసలు పని, ఆ పని మన కంటికి వదిలేయకుండా మెషీన్‌తో చేయించొచ్చు, ఆటోమేటెడ్ రీజనింగ్ అంటే ఇదే. ఎలాగో ఇదే మిర్చి లెక్కతో చూపిస్తాను. ధరలూ ఖర్చులూ లెక్క తేలిగ్గా అర్థం కావాలని గుండ్రంగా సర్దినవి, మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.

అడుగు 1: ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

"మార్చి చివర ఎన్ని క్వింటాళ్ళు అమ్మాలి, ఎన్ని దాచాలి, సెప్టెంబరు చివరికి చేతిలో ఎక్కువ డబ్బు మిగలాలంటే?" ఇంతే. ఈ వాక్యంలోంచి మూడు రకాల వస్తువులు విడదీయండి. మన చేతిలో ఉన్నవి నిర్ణయాలు, అంటే అమ్మేది ఎంత, దాచేది ఎంత, అప్పు ఎంత తీర్చాలి. మన చేతిలో లేనివి అనిశ్చితులు, సెప్టెంబరు ధర, తరుగు. మూడోది లక్ష్యం, మిగిలే డబ్బు. స్టాన్‌ఫర్డ్‌లో రోనాల్డ్ హోవర్డ్, ఆయనతో పాటు జేమ్స్ మాథెసన్ 1981లో ఇన్‌ఫ్లుయెన్స్ డయాగ్రామ్ అనే బొమ్మ పద్ధతిని ఒక పేపర్‌లో వివరించారు, అందులో నిర్ణయానికి చతురస్రం, అనిశ్చితికి కోడిగుడ్డు ఆకారం, దేని మీద ఏది ఆధారపడుతుందో బాణం. కాగితం మీద ఈ బొమ్మ వేయడానికి పది నిమిషాలు పడుతుంది, తర్వాత రోజుల పని మిగులుస్తుంది, దయచేసి దాటేయకండి.

అడుగు 2: ఒక్కో మోడల్‌కి ఒక కార్డు

ఇక్కడ ఎక్కువ టైమ్ పెట్టండి. ప్రతి మోడల్‌కీ ఒక కార్డు రాసి అందులో ఐదు విషయాలు పెట్టండి: ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది, ఒక్కో అంకెకి కొలత ఏంటి, ఏ హద్దుల మధ్య నిజం, ఏ ఊహ మీద నిలబడింది. బాబాయి లెక్కకి కార్డులు ఇలా వచ్చాయి.

నిల్వ కార్డు. తీసుకునేది: దాచిన క్వింటాళ్ళు, సెప్టెంబరు ధర. ఇచ్చేది: ఖర్చులు పోను సెప్టెంబరులో వచ్చే రూపాయలు. 40 కిలోల టిక్కీకి (మిర్చి బస్తాకి) అద్దె 180, క్వింటాకి రెండున్నర టిక్కీలు, కాబట్టి క్వింటాకి 450. తరుగు 2 శాతం. సెప్టెంబరు ధర మూడు రకాలుగా ఉండొచ్చు: 9,000 కావడానికి 30 శాతం, 13,000 కావడానికి 40 శాతం, 17,000 కావడానికి 30 శాతం అవకాశం. ఊహ: ఒక ఫుల్ ట్రాక్టర్ లోడ్, అంటే కనీసం 25 క్వింటాళ్ళు పెడితేనే రవాణా ఖర్చు షీట్‌లో ఉన్నట్టు పడుతుంది.

పంట కార్డు. వచ్చే ఏడాది కూడా నాలుగు ఎకరాలూ మిర్చే. సీజన్ మొదట్లో ఎకరాకి 60,000 చొప్పున 2,40,000, అక్టోబరులో మళ్ళీ 2,40,000.

అప్పు కార్డు. అసలు 2,00,000, నెలకి నూటికి రెండు, ఎనిమిది నెలలైంది కాబట్టి మార్చి చివరికి 2,32,000. ఊహ: మార్చి చివరికల్లా మొత్తం తీర్చేయాలి, బ్యాంకు గడప తొక్కకూడదు. రెండోది బాబాయి పట్టుదల, అయినా కార్డులో రాయాల్సిందే, ఎందుకంటే మనిషి పట్టుదల కూడా మోడల్‌లో ఒక షరతే.

ఇవి కాక ఇంటి ఖర్చు 60,000. పంట 60 క్వింటాళ్ళు, ఇప్పుడు అమ్మితే కమీషన్, హమాలీ పోను క్వింటాకి చేతికొచ్చేది 11,500.

కార్డు రాసేటప్పుడే ఒక ఖర్చుకి ఒకే యజమాని ఉండేలా చూసుకోండి. నా దగ్గర యార్డు హమాలీ అటు నిల్వ షీట్‌లోనూ ఉంది, ఇటు చేతికొచ్చే ధరలోనూ కోత పడింది. రెండుసార్లు తీసేసినట్టు. కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ కనపడలేదు.

అడుగు 3: కొలతలు మెషీన్‌తో చెక్ చేయించండి

1999 సెప్టెంబరులో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దాకా వెళ్ళి నాశనమైపోయింది. ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల లెక్క పౌండ్-సెకన్లలో ఇచ్చింది, రెండోది దాన్ని న్యూటన్-సెకన్లు అనుకుంది, తేడా సుమారు 4.45 రెట్లు. రెండు ప్రోగ్రాములూ విడివిడిగా బాగానే ఉన్నాయి, తప్పు కలిసే చోట ఉంది. మా రెండు రూపాయల వడ్డీ కథ కూడా అదే, తేడా 12 రెట్లు.

పైథాన్ వాడేవాళ్ళకి పింట్ అనే లైబ్రరీ ఉంది, ప్రతి అంకెకీ కొలత తగిలిస్తే కిలోలకీ నెలలకీ కూడిక రాదని అదే ఆపేస్తుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది, గమనించండి. శాతానికి కొలత ఉండదు. నెలకి 2 శాతం అయినా ఏడాదికి 2 శాతం అయినా లైబ్రరీకి మీరు 0.02 అనే ఇస్తే అది ఏమీ అనదు. అందుకే వడ్డీని "నెలకి" అనే కాలం కొలతతో కలిపే డిక్లేర్ చేయాలి, అప్పుడు ఆరు నెలలతో గుణిస్తే నెల కొట్టేసుకుపోయి ఉత్త సంఖ్య మిగులుతుంది, అలా మిగలకపోతే ఎక్కడో తప్పున్నట్టు. టిక్కీ కూడా అంతే, మన దగ్గర 40 కిలోలు, ఇంకోచోట 45 ఉండొచ్చు, దాన్ని ఒక కొలతగా మీరే డిక్లేర్ చేసుకోండి.

సరిచేశాక లెక్క ఎలా తిరగబడిందో చూడండి. సెప్టెంబరు సగటు ధర 13,000, తరుగు పోతే 12,740, అద్దె పోతే 12,290. ఇప్పుడు 11,500 చేతికి రాకుండా ఆగినందుకు ఆరు నెలల వడ్డీ తీసేయాలి. తప్పు లెక్కలో అది 115, మిగిలేది 12,175, క్వింటాకి 675 లాభం, అందుకే 60కి 40,500 చూపించింది. సరైన లెక్కలో వడ్డీ 1,380, మిగిలేది 10,910, క్వింటాకి 590 నష్టం. ఒక్క గడిలో "నెలకి" అనే మాట లేకపోవడం వల్ల నిర్ణయం పూర్తిగా అటుదిటు అయింది.

అడుగు 4: ఏ ముక్కలు కావాలో వెనక నుంచి లాక్కురండి

మీ దగ్గర మూడు కాదు ముప్పై మోడల్ ముక్కలున్నాయి అనుకోండి, వాన మోడల్, ఎరువుల మోడల్, కూలీల మోడల్, అన్నీ కలిపితే ఏదీ అర్థం కాదు. లక్ష్యం నుంచి వెనక్కి రండి. మిగిలే డబ్బు కావాలి, అది ఎవరు ఇస్తారు? నగదు లెక్క. దానికి ఏం కావాలి? నిల్వ రాబడి, అప్పు, పెట్టుబడి. నిల్వ రాబడికి ఏం కావాలి? సెప్టెంబరు ధర. ఇలా గొలుసు పట్టుకుని వస్తే అవసరమైన కార్డులే బయటికి వస్తాయి, దీన్నే బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారు, ప్రోలాగ్ అనే ప్రోగ్రామింగ్ భాష పనిచేసేదే ఇలా. కార్డుల్లో "తీసుకునేది, ఇచ్చేది" సరిగ్గా రాసుంటే ఇది చేసే ప్రోగ్రామ్ చాలా చిన్నది.

బ్రయన్ ఫాల్కెన్‌హైనర్, కెన్నెత్ ఫోర్బస్ 1991లో కంపోజిషనల్ మోడలింగ్ అని చెప్పింది దీని పక్కనే ఉంటుంది: ప్రతి ముక్కా తన ఊహల్ని వెంటబెట్టుకుని ఉండాలి, ప్రశ్న వచ్చినప్పుడు ఒకదానితో ఒకటి గొడవ పడని ముక్కల్నే మెషీన్ ఏరుకోవాలి. వాళ్ళు చూసింది ఇంజనీరింగ్ వ్యవస్థల్ని. మిర్చికి కూడా ఇది అక్షరాలా సరిపోతుంది.

అడుగు 5: ఊహలన్నీ ఒకేసారి నిజం కాగలవా? జెడ్3ని అడగండి

జెడ్3 అనేది మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో లియొనార్డో డి మౌరా, నికొలాయ్ బ్యోర్నర్ చేసిన సాల్వర్. 2008లో దాని మీద పేపర్ వచ్చింది, 2015 నుంచి ఎంఐటీ లైసెన్సుతో ఓపెన్ సోర్స్. పైథాన్‌లో పిప్‌తో జెడ్3-సాల్వర్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే చాలు. షరతులు ఇస్తే, అవన్నీ ఒకేసారి నిజమయ్యే అంకెలు ఉన్నాయేమో వెతుకుతుంది. ఉంటే శాట్ అని చెప్పి ఆ అంకెలు చూపిస్తుంది, లేకపోతే అన్‌శాట్, తేల్చలేకపోతే అన్‌నోన్. అన్‌శాట్ అంది అంటే వెతికి దొరకలేదని కాదు, అలాంటి అంకెలు ఉండటం అసాధ్యం అని రుజువైనట్టు. నాకు ఈ పనిముట్టు మీద ఇంత ఇష్టం కలిగింది అందుకే.

రాసేటప్పుడు మూడు జాగ్రత్తలు. అంకెలన్నీ రియల్ టైపుగా పెట్టండి, దశాంశాలు పైథాన్ ఫ్లోట్‌గా కాకుండా కోట్స్‌లోనో భిన్నంగానో ఇవ్వండి, జెడ్3 లోపల భిన్నాలతో ఖచ్చితంగా లెక్క కడుతుంది, ఆ సుఖం పోగొట్టుకోకండి. రెండు, ప్రతి ఊహనీ అసర్ట్ అండ్ ట్రాక్ అనే ఫంక్షన్‌తో ఒక పేరు పెట్టి ఇవ్వండి, "ట్రాక్టర్‌లోడ్", "నాలుగుఎకరాలు", "బ్యాంకువద్దు" ఇలా. మూడు, ఏ ఖర్చూ సున్నా కంటే తగ్గదు అనే సంగతి కూడా రాయండి. మనకది చెప్పక్కర్లేని విషయం, మెషీన్‌కి చెప్పాలి. మొదటిసారి నేను రాయలేదు, ఒక ఊహ తీసేసి నడిపితే ఇంటి ఖర్చుకి మైనస్ లక్ష వేసి శాట్ అంది.

బాబాయి షరతులు అలా పేర్లతో ఇచ్చాను: అమ్మింది + దాచింది = 60. అమ్మింది × 11,500 ≥ అప్పు 2,32,000 + పెట్టుబడి 2,40,000 + ఇల్లు 60,000. దాచింది ≥ 25. బ్యాంకు అప్పు = 0. జవాబు అన్‌శాట్.

అడుగు 6: గొడవ ఎవరెవరి మధ్యో అడగండి

అన్‌శాట్ వచ్చిన వెంటనే చాలామంది అంకెలు అటూ ఇటూ మార్చి చూస్తారు. అలా చేయొద్దు. అన్‌శాట్ కోర్ అడగండి, అంటే ఏ ఊహలు కలిసి గొడవ పడుతున్నాయో ఆ పేర్ల లిస్ట్. మామూలుగా జెడ్3 ఇచ్చే లిస్ట్‌లో అనవసరపు పేర్లు కూడా ఉండొచ్చు, కోర్ మినిమైజ్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే ఇక ఒక్కటి తీసినా గొడవ ఆగిపోయేంత దాకా తగ్గిస్తుంది.

వచ్చినవి ఆరు: పంట 60, ధర 11,500, ట్రాక్టర్‌లోడ్, మార్చికల్లా అప్పు, నాలుగు ఎకరాలూ మిర్చి, బ్యాంకు వద్దు. ఇంటి ఖర్చు లిస్ట్‌లో లేదు. చేత్తో సరిచూసుకోవచ్చు: 25 దాచితే అమ్మేది 35, వచ్చేది 4,02,500, అప్పూ పెట్టుబడీ కలిపితేనే 4,72,000. ఇల్లు పూర్తిగా మానుకున్నా చాలదు. ఈ మాట బాబాయికి చెప్పినప్పుడు పిన్ని పక్కనే ఉంది, ఇంటి ఖర్చు తగ్గించుకుందాం అనే మాట అప్పటికి రెండు రోజులుగా ఇంట్లో నడుస్తోందట. దాని వల్ల ఈ ముడి విడదని ఒక రుజువు చేతిలో ఉండటం చిన్న విషయం కాదు.

ఇక ఎంచుకోవాల్సింది మనిషి. పంట, ధర మన చేతిలో లేవు. మిగిలిన నాలుగింట్లో ఏది వదులుకుంటావు బాబాయ్ అని అడిగితే, కొంతసేపు ఆలోచించి, పంట రుణం అయితే సరే అన్నాడు. 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ ఏడాదికి 7 శాతం, టైముకి కడితే 4 శాతం దాకా దిగుతుంది. నేను జాగ్రత్త కోసం 7 శాతంతోనే లెక్క కట్టాను, ఆరు నెలలకి 3.5.

అడుగు 7: ఇప్పుడు ఆప్టిమైజ్ చేయండి

ఆప్టిమైజ్ అంటే షరతులు తప్పకుండా అన్నిటికంటే ఎక్కువ డబ్బు మిగిలే అంకెలు వెతకడం, షరతులు శాట్ అయ్యాకే ఇది. గణితవేత్త జార్జ్ డాంట్జిగ్ 1947లో ఇచ్చిన సింప్లెక్స్ పద్ధతి దగ్గర్నుంచి ఈ దారి బాగా నలిగిన దారి, పైథాన్‌లో పల్ప్ లైబ్రరీ వాడితే దాంతో పాటు ఈ వెతుకులాట చేసిపెట్టే సీబీసీ సాల్వర్ వచ్చేస్తుంది. మార్చి సమీకరణం: అమ్మకం + బ్యాంకు రుణం + తీర్చకుండా ఉంచిన పాత అప్పు = 5,32,000 + ఊరికే ఉన్న డబ్బు. సెప్టెంబరు లక్ష్యం: దాచింది × 12,290 + ఊరికే ఉన్న డబ్బు − బ్యాంకు × 1.035 − పాత అప్పు × 1.12. బ్యాంకు రుణానికి హద్దు 3,00,000. మార్చి నుంచి సెప్టెంబరు వరకు కాలాన్ని ఒకే ముక్కగా తీసుకున్నాను, నెలనెలా విడగొడితే ఇంకా నిక్కచ్చిగా వస్తుంది.

ఈ ఒక్క సమీకరణంతో మూడు మోడళ్ళలో దేనికీ విడిగా తెలియని సంగతి బయటపడింది: ఒక్కో క్వింటా డబ్బుకి ఒక్కో వడ్డీ. మొదటి 21 క్వింటాళ్ళ డబ్బు రెండు రూపాయల అప్పుని తీరుస్తుంది, వాటిని దాచితే క్వింటాకి 590 నష్టం, కళ్ళు మూసుకుని అమ్మేయాలి. తర్వాతి 26 క్వింటాళ్ళు బ్యాంకు రుణం బదులు వాడుకునే డబ్బు, దాచితే 387 లాభం. చివరి 13 అమ్మినా ఆ డబ్బు ఖాతాలో ఊరికే పడి ఉంటుంది, దాచితే 790 లాభం. దాచాలా అమ్మాలా అని మొత్తానికి ఒకే ప్రశ్నగా అడగడమే పొరపాటు అన్నమాట.

సాల్వర్ ఇచ్చిన జవాబు: 21 అమ్ము, 39 దాచు, బ్యాంకులో 2,90,500 తీసుకో. మొత్తం ఇప్పుడే అమ్మేయడంతో పోలిస్తే సగటున 20,600 ఎక్కువ. కానీ ధర 9,000కి పడితే 1,32,000 తక్కువ. సగటు చూసి సంతోషపడే ముందు ఈ రెండో అంకె రైతుకి చెప్పి తీరాలి. బాబాయి విన్నాడు, ఎటు పోయినా 50,000 మించి పోకూడదు అన్నాడు. ఆ మాటని ఇంకో కార్డుగా చేర్చి నడిపితే మళ్ళీ అన్‌శాట్: ఈసారి గొడవ 50,000 హద్దుకీ ట్రాక్టర్‌లోడ్‌కీ. పక్క చేను వాళ్ళు కూడా కొన్ని టిక్కీలు పెడుతున్నారు, ట్రాక్టర్ కలిసి మాట్లాడుకుంటే ఆ షరతు పోతుంది. అది తీసేస్తే దాచేది 15, సగటు లాభం 11,300, ధర పడితే నష్టం 47,500 లోపు. మీరు వదిలే ప్రతి షరతుకీ ఇలా బయట ఒక అసలు కారణం ఉండాలి, ట్రాక్టర్ పంచుకునేవాళ్ళు నిజంగా ఉండాలి, లెక్క కుదరడం కోసం తీసేయకూడదు.

అడుగు 8: తలకిందులుగా అడగండి

నిర్ణయం వచ్చాక దాన్ని నమ్మే ముందు జెడ్3 దగ్గరికి మళ్ళీ వెళ్ళి "ఇది దెబ్బతినే పరిస్థితి ఒక్కటైనా ఉందా" అని అడగండి. నేను అడిగింది: ధర 6,000 నుంచి 20,000 మధ్య ఏదైనా కావచ్చు, తరుగు 1 నుంచి 4 శాతం, అక్టోబరులో రెండో విడత 2,40,000 కట్టలేని పరిస్థితి చూపించు. 39 దాచే ప్లాన్‌కి శాట్ వచ్చింది, ధర 6,000, తరుగు 4 శాతం అయితే నిల్వ మీద వచ్చేది 2,07,090, బ్యాంకు హద్దులో మిగిలింది 9,500, కలిపినా 23,410 తక్కువ పడుతుంది. 15 దాచే ప్లాన్‌కి అన్‌శాట్, ఎందుకంటే బ్యాంకు హద్దులో ఇంకా 2,85,500 మిగిలే ఉంటుంది. అంటే ఆ హద్దుల లోపల అలాంటి పరిస్థితి లేదని రుజువు. వెయ్యి ర్యాండమ్ సిమ్యులేషన్లు నడిపి ఏమీ కాలేదని చెప్పడానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఒక చిట్కా: ధర × తరుగు × క్వింటాళ్ళు అని మూడు తెలియని వాటిని గుణిస్తే నాన్‌లీనియర్ అయిపోయి జెడ్3 కొన్నిసార్లు అన్‌నోన్ అంటుంది. క్వింటాళ్ళు ఎలాగూ నిర్ణయం అయిపోయాయి, తరుగుని 1, 2, 3, 4 అని విడివిడిగా పెట్టి నాలుగుసార్లు అడిగితే ప్రతిదీ లీనియర్, వెంటనే తేలుస్తుంది. మధ్యలో ఉన్న విలువల సంగతి ఏంటంటారా, తరుగు పెరిగే కొద్దీ రాబడి తగ్గడమే గానీ పెరగదు కాబట్టి 4 దగ్గర బతికితే అన్నిటి దగ్గరా బతికినట్టే.

అడుగు 9: సంభావ్యతలు కలిపేటప్పుడు

నిల్వ మోడల్‌లో మిర్చి ధర ఉంది, పంట మోడల్‌లో వచ్చే ఏడాది మిర్చి ధర ఉంటుంది. రెండిటికీ విడివిడిగా శాతాలు వేసి గుణించేయడం అందరూ చేసే పని, అది తప్పు. 2022-23లో తేజ రకం 20 వేలు దాటిన కాలం చూశాం, 2025 ఫిబ్రవరికి వచ్చేసరికి కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ కింద ఏపీ మిర్చికి క్వింటా 11,781 ప్రకటించాల్సి వచ్చింది. ధర బాగుంటే అందరూ మిర్చే వేస్తారు, సరుకు ఎక్కువైతే ధర దిగుతుంది. దిగుబడికీ ధరకీ కూడా ముడి ఉంది, 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసినప్పుడు కాయ దొరకక ధర పెరిగింది, చాలామంది రైతుల దగ్గర అమ్మడానికి కాయే లేదు. దిగుబడి, ధర విడివిడి అనుకుంటే "మంచి దిగుబడి, మంచి ధర" అనే కలకి మోడల్ ఇవ్వాల్సిన దానికంటే ఎక్కువ అవకాశం ఇచ్చేస్తుంది.

చేయాల్సింది ఏంటంటే, రెండు కార్డుల్లో ఒకే పేరు కనపడితే "ఇవి రెండూ ఒకటేనా, వేరు వేరా, వేరైతే ఒకదాని మీద ఇంకోటి ఆధారపడుతుందా" అని ప్రతిసారీ రాసి పెట్టుకోండి. ఆధారపడితే రెండు శాతాల బదులు పట్టిక వేయండి: ఈ ఏడు ధర 17,000 అయితే వచ్చే ఏడు ఎంత, 9,000 అయితే ఎంత. శాతాలు మీకు కరెక్ట్‌గా తెలియకపోయినా ఆ ముడి ఉందని మోడల్‌కి తెలియడం ముఖ్యం.

ఇంకో పని కూడా చేసి చూడండి. సెప్టెంబరు ధర ముందే తెలిస్తే ఎంత కలిసొస్తుంది? 9,000 అని తెలిస్తే ఇప్పుడే అమ్మేస్తాం, మిగతా రెండిట్లో దాచుతాం. ఊరికే ఉండే ఆ 13 క్వింటాళ్ళకి అలా చూస్తే సగటు 13,229, మామూలుగా 12,290, తేడా క్వింటాకి 939. ధర మీద సమాచారం కోసం అంతకు మించి ఖర్చు పెట్టడం దండగ. ఎవరైనా ధరల టిప్స్ అని డబ్బులు అడిగితే పోల్చి చూసుకోవడానికి ఈ అంకె పనికొస్తుంది.

చాట్‌బాట్‌తో రాయించుకునే వాళ్ళకి

జెడ్3 కోడ్ ఇప్పుడు చాట్‌బాట్ రాసిచ్చేస్తుంది, బాగానే రాస్తుంది, నేనూ వాడతాను. కానీ కార్డులు మీరే రాయండి, ఊహలకి పేర్లు మీరే పెట్టండి. "నూటికి రెండు" అంటే నెలకి అని మీకు తెలుసు, దానికి తెలియకపోవచ్చు. కోడ్ వచ్చాక జవాబు మీకు ముందే తెలిసిన ఒక చిన్న కేసు పెట్టి చూడండి, ఉదాహరణకి దాచేది 60 అని బలవంతంగా పెడితే బ్యాంకు లేకుండా అన్‌శాట్ రావాలి, రాకపోతే ఏదో షరతు రాయడం మర్చిపోయినట్టే.

నిర్ణయం, ఆ తర్వాత

బాబాయి 15 కూడా పెట్టలేదు, 13 పెట్టాడు. రెండు క్వింటాళ్ళ కోసం 14,500 రుణానికి బ్యాంకు చుట్టూ ఎవరు తిరుగుతారు అన్నాడు, ఆ తేడా లెక్కలో వెయ్యి రూపాయలు, ఆయన టైము అంతకంటే విలువైనదని నాకూ అనిపించింది. 47 యార్డుకి తోలాడు, అప్పు తీరింది, నోటు పుస్తకంలో ఆ పేజీకి అడ్డంగా గీత గీసి ఫొటో పంపాడు.

కార్డులన్నీ ఒక ఫైల్‌లో ఉన్నాయి, ప్రతి ఊహ పక్కన అది ఎప్పుడు రాశామో తేదీ, ఎవరు చెప్పారో కూడా ఉంది, మీరూ అలాగే పెట్టుకోండి. ఏదైనా ఒక్కటి మారితే ఆ కార్డు మాత్రం మార్చి అడుగు 5 నుంచి మళ్ళీ నడపాలి. మొన్న టిక్కీ అద్దె 180 కాదు 200 అన్నారని పిన్ని ఫోన్ చేసింది. క్వింటాకి 450 బదులు 500 పెట్టి నడిపాను, 790 కాస్తా 740 అయింది, దాచాల్సిన లెక్క మారలేదు. ఆ టిక్కీలు అలాగే ఉంచమని చెప్పాను.